పదేళ్ల ప్రశ్న

3, సోమవారం

ఈ నోటుబుక్కూ, దీని అట్టా, అట్ట మీది నూనె మరకా సాక్షులుగా ప్రకటించడమైనది. మా ఆఫీసు టీ గదిలో ఉన్న నీలం పిడి కప్పు నేటి నుంచి నా సొంతం. దానిలో అన్యులు తాగరాదు. తాగినా కడగకుండా పెట్టరాదు. పంచదార డబ్బాలో తడి చెంచా ముంచేవారెవరో మాకు తెలుసు. వారి పదవికి మర్యాద ఇచ్చి ప్రస్తుతానికి బయటపెట్టడం లేదు. మరొక్క సంగతి. ఈ నోటుబుక్కు భయం వేసి మొదలుపెట్టింది కాదు. ఆఫీసు బీరువాలో ఊరికే పడి ఉంటే తెచ్చుకున్నాను.

పదో తరగతి మూడుసార్లు రాసినవాణ్ణి. అంటే ఒక్కసారి రాసి గట్టెక్కినవాళ్ల కంటే మూడు రెట్లు రాసిన చెయ్యి ఇది. డైరీ ఒక లెక్కా.

హెడ్డాఫీసు వాళ్లు ఈ రోజు ఒకావిడను పంపారు. మాది మనసు బాగోలేని కుర్రవాళ్లు, ఆడపిల్లలు వచ్చే కేంద్రం. ఆవిడ డాక్టరు కాదు. ఇక్కడ పెట్టే ఖర్చుకి ఎంతమందికి ఎంత మేలు జరుగుతోందో కొలిచే చదువట. మెడలో తాడు, తాడుకి స్టాప్‌వాచీ. లెక్కలమ్మ అని పేరు పెట్టేశాను. నెల రోజులు ఉంటుంది. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో రాసి పంపుతుంది.

ఇంటికొచ్చేసరికి కందిరీగ గది తలుపు వేసి ఉంది. అక్క కూతురు. పంతొమ్మిదేళ్లు. నాలుక చివర కొండి ఉండేది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. కాలేజీ మానేసి నలభై రోజులైంది. కుట్టడం మానేసీ అంతే.

"తిందా?" అన్నాను అక్కతో.

"తింది."

కంచం నేను చూశాను.

4, మంగళవారం

లెక్కలమ్మ పొద్దుటి నుంచి నా వెనకే. ముందు గదిలో బల్ల వెనక కూర్చుని టోకెన్లు ఇచ్చేవాడి వెనక నడవడానికి ఏముంటుంది? అయినా నడిచింది.

"తొమ్మిది నుంచి తొమ్మిదింబావు దాకా ఏం చేశారండీ?"

"కుర్చీలను ఓదార్చానండీ."

ముఖం మారకుండా రాసుకుంది. "ఎన్ని కుర్చీలు?"

"పద్నాలుగు."

"ఒక్కోదానికి నిమిషం పైనే పట్టింది. వాటిలో ఎక్కువసేపు ఏడ్చిందేది?"

నా నోటికి తాళం పడడం జన్మలో ఇది రెండోసారి. మొదటిసారి వేసింది కందిరీగ, దాని ఎనిమిదో ఏట.

సాయంత్రం ఈ ముక్క దాని తలుపు బయట నిలబడి అభినయంతో సహా చెప్పాను. కుర్చీ గొంతు కూడా పెట్టాను. లోపల్నుంచి ఏమీ లేదు. మంచం కూడా చప్పుడు చేయలేదు.

5, బుధవారం

మిగతా రోజుల్లో మా కేంద్రానికి ముందు ఫోన్ చేసి, పేరు, వయసు, ఇబ్బంది ఏమిటో చెప్పి, రోజు ఇప్పించుకుని రావాలి. బుధవారం మధ్యాహ్నం మాత్రం తలుపు తీసి పెడతాం. ఎవరైనా రావచ్చు. పేరు అడగం. కూర్చుని వెళ్లిపోయినా అడగం. మాట్లాడాలనిపిస్తే ఇద్దరు మాట్లాడేవాళ్లు ఉంటారు.

ఈ రోజు నలుగురు వచ్చారు.

"ప్రతి బుధవారం ఇంతేనా?" అంది లెక్కలమ్మ.

"ఇంతేనండీ. వాన పడితే ముగ్గురు."

"ఇద్దరు మనుషుల పూట మొత్తం నలుగురికి..." అని ఏదో గీసుకుంది. హెడ్డాఫీసు ముందు కోయాలనుకుంటున్నది దీన్నేనట.

నాకేం పోయింది? బుధవారం తలుపు లేకపోతే నాకు పని తక్కువ.

రెండు నెలల కిందట, ఇంకా మాట్లాడే రోజుల్లో, కందిరీగ అంది: "ఫోన్ చేసి నాకు పిచ్చి అని ముందే చెప్పుకోవాలా? ఊరికే వెళ్లి కూర్చునే చోటేదైనా ఉంటే చెప్పు మామయ్యా, చూద్దాం." చూద్దాం అంది. ఆ మాటను పట్టుకునే ఉన్నాను.

6, గురువారం

కందిరీగ చెప్పులకు అగ్గిపుల్ల ఆనించి పెట్టాను. వేసుకుంటే పడాలి. పడలేదు.

9, ఆదివారం

రబ్బరు బల్లిని దాని దుప్పటి మడతలో పెట్టాను. దీనికి చరిత్ర ఉంది. ఇదివరకు ఒకసారి పెడితే వీధి చివరిదాకా వినబడేలా అరిచి, మూడో రోజు నా టీలో ఉప్పు కలిపి, నేను ఉమ్మేస్తుంటే "ఆరోగ్యానికి మంచిది మామయ్యా" అంది.

ఈ రోజు అరుపు లేదు. సగం తెరిచిన తలుపులోంచి చూశాను. బల్లిని రెండు వేళ్లతో ఎత్తింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఎండ పడే చోట మెల్లగా పెట్టింది. నిజం బల్లి అనుకుందో, రబ్బరుదని తెలిసే పెట్టిందో. తన వస్తువులు ఎవరికో అప్పగిస్తున్న మనిషి పద్ధతిలో పెట్టింది.

చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

అక్క ముందు గదిలో కుట్టు మిషను తొక్కుతోంది. మిషను నడుస్తున్నంతసేపూ ఫరవాలేదు. ఆగితే ఇద్దరం ఆ తలుపు వైపే చూస్తాం. చూసి, ఒకరినొకరు చూడనట్టు నటిస్తాం. అక్కయ్య నటన మరీ అధ్వానం.

10, సోమవారం

లెక్కలమ్మ ఒక కాగితం పంచుతోంది. వచ్చిన పిల్లలు ఇష్టమైతే నింపి డబ్బాలో వేయాలి. పేరు రాయక్కర్లేదు, టోకెన్ నంబరు చాలు. నిద్ర పడుతోందా, బయటికి వెళ్లగలుగుతున్నావా, ఇలాంటివి అయిదారు. అన్నిటికంటే కింద పదేళ్ల ప్రశ్న. ఇప్పుడున్నట్టే ఇంకా పదేళ్లు ఉంటావనుకో. పూర్తిగా బాగుపడతావంటే ఆ పదిలో ఎన్నేళ్లు వదులుకుంటావు?

"ఇదేం బేరమండీ బాబూ?" అన్నాను.

"బేరమేనండీ. బాధకి థర్మామీటరు లేదుగా. ఎంత వదులుకోడానికి సిద్ధమో అడిగితే ఎంత మోస్తున్నారో కొంత తెలుస్తుంది."

"సున్నా రాస్తే కులాసా అన్నమాట."

"ఆఁ."

"పది రాస్తే?"

పెన్ను కింద పెట్టింది. "ఎనిమిది దాటిందంటే మీ డాక్టరుగారు అదే రోజు ఆ మనిషిని కలవాలి. లెక్కలు తర్వాత. ఈ కాగితం పంచడానికి నేను పెట్టిన మొదటి షరతు అదే."

రెండు కాగితాలు జేబులో వేసుకొచ్చాను. ఒకటి నేను నింపాను: "హెడ్డాఫీసు వాళ్లు రావడం మానేస్తే రెండేళ్లు, తడి చెంచా వాడు దొరికితే ఇంకో ఆర్నెల్లు." రెండోది ఖాళీది. రెండూ కందిరీగ బల్ల మీద పెట్టి, "నీ వంతు" అన్నాను. చూసి నవ్వుతుందని. పోనీ తిడుతుందని.

11, మంగళవారం

ఖాళీ కాగితం నీళ్లగ్లాసు కింద ఉంది. గ్లాసు అడుగు గుండ్రంగా తడి ముద్ర వేసింది. పదేళ్ల ప్రశ్న ఎదురుగా నీలం సిరాతో 9.

తొమ్మిది.

ఇంక రాయను.

12, బుధవారం

ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఎలాగో డబ్బాలో మిగతా వాటితో కలిసిపోయింది. ఎలా కలిసిందో తెలియదు. టోకెన్లు, కాగితాలు, ఒకటే గందరగోళం బుధవారం.

అయిదింటికి లెక్కలమ్మ డబ్బా తెరిచింది. ఒక్కో కాగితం తిప్పుతోంది. చెయ్యి ఆగింది. లేచి పరుగులాంటి నడకతో డాక్టరుగారి గదికి వెళ్లింది. ఇద్దరూ నా బల్ల దగ్గరికి వచ్చారు. డాక్టరుగారికి అరవై దగ్గర పడ్డాయి, ఎప్పుడూ కంగారు పడరు. ఈ రోజు కళ్లజోడు చేతిలో పట్టుకుని కళ్లజోడు కోసం వెతుక్కున్నారు.

"దీని మీద నంబరు లేదు. ఎవరిచ్చారయ్యా?"

నోరు తెరిచాను, అదే తప్పయింది.

"ఒకమ్మాయండీ. మూడింటప్పుడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నింపి ఇచ్చి వెళ్లిపోయింది."

"ఎలా ఉంటుంది?"

"పసుపు గొడుగు ఉంది."

గొడుగు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకే తెలియదు. జీవితమంతా ఆడిన అబద్ధాలన్నీ నోట్లో వరసలో నిలబడి ఉంటాయి కాబోలు, ముందున్నది బయటికి దూకింది. మూడింటికి లెక్కలమ్మ డాక్టరుగారి గదిలో ఉంది కాబట్టి కాదనలేకపోయింది.

డాక్టరుగారు చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లారు. ఆ వయసులో, ఆ మోకాళ్లతో, మలుపుదాకా వెళ్లి చూసి వచ్చారు. నేను బల్ల వెనక నిలబడి చూశాను.

13, గురువారం

ఈ రోజు వీధిలో పసుపు గొడుగులు మూడు. మూడింటి కిందా ముసలమ్మలే. డాక్టరుగారు మూడింటి వెనకా వెళ్లారు.

అగ్గిపుల్ల పడలేదు.

14, శుక్రవారం

లెక్కలమ్మ నిన్నటి నుంచి లోపల కూర్చోవడం లేదు. ఎదురుగా జిరాక్సు షాపు అరుగు మీద కూర్చుంటోంది, గొడుగు పిల్ల మళ్లీ వస్తుందేమోనని. నా అబద్ధానికి కాపలా కాస్తోంది మహాతల్లి.

సాయంత్రం నన్ను బయటికి పిలిచింది.

"రెండు రోజుల్లో పదకొండు మంది," అంది.

"గొడుగులా?"

"పిల్లలు. గేటు దాకా వచ్చారు, బోర్డు చదివారు, తిరిగి వెళ్లిపోయారు. పదకొండు మంది. ఒకబ్బాయి మూడుసార్లు. ఇద్దరి వెనక పరిగెత్తి నా నంబరిచ్చాను. మిగతావాళ్లు అందలేదు." గొంతు బొంగురుపోయి ఉంది. "ఆ సైకిలు మీదేనా?"

"నాదే."

"ఎప్పట్నుంచి అక్కడ పెడుతున్నారు?"

"కేంద్రం తెరిచినప్పట్నుంచీ. ఆ గోడకి నీడ ఉంటుందండీ."

"జరపండి."

జరిపాను. బోర్డు మీద పై వరస: ముందుగా ఫోన్ చేసి రావలెను. కింది వరస, ఇన్నాళ్లూ నా సైకిలు సీటు వెనక ఉన్నది: బుధవారం మధ్యాహ్నం ఎవరైనా నేరుగా రావచ్చు.

మేమందరం ఆ గేటులోంచి రోజూ వస్తాం. మా బోర్డు మేము చదవం కదా.

"మీరిచ్చిన లెక్కలో బుధవారానికి నలుగురు," అంది. "తలుపు తీసి ఉందని తెలిసినవాళ్లు నలుగురు. దాన్ని పట్టుకుని ఈ తలుపు దండగ అని రాయబోయాను నేను."

నాకు జోకు రాలేదు. ప్రయత్నించాను కూడా.

15, శనివారం

రాత్రంతా ఆ పదకొండు మంది ముఖాలు కందిరీగ ముఖాలే. పొద్దున డాక్టరుగారి గదిలోకి వెళ్లి తలుపు వేశాను.

"గొడుగు లేదండీ. ఆ అమ్మాయి మా అక్క కూతురు. ఇంట్లో ఉంది. అంతా చెప్పేస్తాను," అని అంతా చెప్పేశాను.

తిడతారనుకున్నాను. లేచి సంచీ తీసుకున్నారు. "పద."

"ఇప్పుడా?"

"మూడు రోజులు పోగొట్టావు. ఇంక ఒక గంట కూడా పోగొట్టకు."

దారిలో చెప్పారు. "నువ్వు దాన్ని సూటిగా అడిగావా, చచ్చిపోవాలనిపిస్తోందా అని?"

"అమ్మో. లేని ఆలోచన పుట్టించినట్టు కాదూ?"

"పుట్టదు. ఉన్నది బయటికొస్తుంది. అడుగు. వేళాకోళం లేకుండా అడుగు. ఒంటరిగా మాత్రం వదలొద్దు."

అక్క గుమ్మంలోనే అడ్డుపడింది. "ఒరేయ్, డాక్టర్ని ఇంటికి తెస్తావా? పక్కింటివాళ్లు చూస్తే?"

"చూడనీ అక్కా. వాళ్లకి నేనే చెప్తాను, నాకు మొలలని."

ఆయన నవ్వలేదు. అక్కా నవ్వలేదు. ఆయన వెళ్లి దాని తలుపు బయట నేల మీద కూర్చున్నారు. ఆ మోకాళ్లతో. ఇరవై నిమిషాలు మెల్లగా మాట్లాడారు. తలుపు జానెడు తెరుచుకుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. తర్వాత దాని గొంతు కొంచెం గట్టిగా: "టోకెన్ వద్దు. పేరు అడగొద్దు."

"బుధవారం అడగరమ్మా."

"అయితే బుధవారం."

వెళుతూ ఆయన అక్కను దాని గదిలోనే పడుకోమన్నారు, ఇంట్లో ఏవేవి తాళం వేయాలో చెప్పారు, ఏ వేళైనా చేయమని తన నంబరు తలుపు మీద అంటించారు. అక్క మిషను కత్తెరతో సహా అన్నీ పెట్టెలో పెట్టి, తాళంచెవి నా మెళ్లో వేసింది.

16, ఆదివారం

అడిగాను. వేళాకోళం లేకుండా.

"అనిపిస్తుంది," అంది. "నిన్న కూడా."

పక్కన కూర్చున్నాను. ఏమీ అనలేదు. అనడానికి నాకు తెలిసినవన్నీ జోకులే.

17, సోమవారం

హెడ్డాఫీసు ఉత్తరం. రిపోర్టు వచ్చేదాకా ఈ బుధవారం నుంచి నేరుగా రానిచ్చే పద్ధతి నిలిపివేయడమైనది.

ఈ బుధవారం నుంచి.

డాక్టరుగారు చదివి, "నేను ఇంటికే వెళ్తాను, ఎలాగైనా చూస్తాను," అన్నారు. చూస్తారు. కానీ కందిరీగ అన్నది బుధవారం అని. ఒక్క మాట ఇచ్చింది. ఆ మాట మీద మేము తలుపు మూస్తే ఇంకోసారి ఇవ్వదు. దాని సంగతి నాకు తెలుసు.

18, మంగళవారం

లెక్కలమ్మ ఫోనులో ఉంది. నేను తలుపుకి చెవి ఆనించాను. ఈ విద్యలో నాకు సాటి లేరు.

"నలుగురు కాదు సార్... వచ్చినవాళ్లు నలుగురు. రెండు రోజుల్లో వెనక్కి వెళ్లినవాళ్లు పదకొండు. ఇప్పుడు రాలేకపోయినవాళ్లు ఆర్నెల్ల తర్వాత ఆసుపత్రికి వస్తారు, అప్పుడు ఖర్చు మీకెన్ని రెట్లో నేను చూపిస్తాను... కాదు సార్, ఆ తొమ్మిది రాసిన కాగితం నా లెక్కలో లేదు. నంబరు లేని కాగితం నేను లెక్కలో కలపను. దాన్ని చూసే బయట కూర్చున్నాను, అంతే... నెల రోజులివ్వండి. బోర్డు మారుస్తాం. గేటు బయట ఒక కుర్చీ వేస్తాం. అప్పుడు లెక్కపెట్టి, దండగైతే నేనే దండగని రాస్తాను."

నా చెవి తలుపుకి అతుక్కుపోయింది.

"థాంక్యూ సార్," అంది.

తలుపు తీసింది. నేను లోపలికి పడ్డాను.

"నెల ఇచ్చారు," అంది. "లేవండి."

19, బుధవారం

పొద్దున అగ్గిపుల్ల పెట్టలేదు. భయమేసింది.

మధ్యాహ్నం రెండు. గేటు బయట కొత్త కుర్చీ. సైకిలు వెనక సందులో. రెండుంబావు. రెండున్నర. ఇద్దరు కొత్త కుర్రవాళ్లు వచ్చి కూర్చున్నారు. మూడు కావస్తుంటే కిటికీలోంచి కనబడింది. తల వంచుకుని ముందు అది, పదడుగుల వెనక అక్క.

గేటు దాకా వచ్చింది. బోర్డు చూసింది. దాటి వెళ్లిపోయింది.

లేవబోయాను. లెక్కలమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "లేవకండి. వెంటబడితే ఆగరు. నేను చూశాను."

మళ్లీ వచ్చింది. కుర్చీ చూసింది. కూర్చుంది. లేచింది. వెళ్లిపోయింది. బల్ల అంచు పట్టుకున్నాను, లెక్కలమ్మ నా చొక్కా పట్టుకునే ఉంది, స్టాప్‌వాచీ తన పాటికి తను నడుస్తోంది.

మూడోసారి లోపలికి వచ్చేసింది.

అది, నేను, మధ్యలో బల్ల. "కూర్చోమ్మా," అన్నాను, ఎవరో తెలియనట్టు.

వరసగా ఉన్న కుర్చీల వైపు చూసింది. గొంతు సన్నగా ఉంది. "వీటిని ఓదార్చావా ఈ రోజు?"

కుట్టింది. తలుపవతల ఉండి అన్నీ వింది. కుట్టింది.

డాక్టరుగారి గదిలో యాభై నిమిషాలుంది. నేను టోకెన్ల కట్ట తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాను. వచ్చే సోమవారం మళ్లీ రమ్మన్నారు, మందు మొదలుపెట్టారు, అక్కతోనూ మాట్లాడారు. బాగుపడిందని రాయడం లేదు. వచ్చింది అని రాస్తున్నాను.

20, గురువారం

నిన్న రాయనిది ఈ రోజు రాస్తాను.

ఇంటికి నడుస్తున్నాం. అక్క ముందు నడుస్తోంది. కందిరీగ నా పక్కన.

"డాక్టరుగారు ఆ కాగితం చూపించి ఇది నీదేనా అన్నారు," అంది.

వింటోందేమోనని అక్క వైపు చూశాను.

"నాదే అన్నాను. నీ ఉద్యోగం పోతుందని." నాలుగడుగులు నడిచింది. "నువ్వు రాస్తే తెలియదనుకున్నావా మామయ్యా? తొమ్మిదికి అంత పెద్ద పొట్ట పెట్టేది నువ్వొక్కడివే."

పదకొండో తేదీన నేను రాసింది అబద్ధం. గ్లాసు నిజం, తడి ముద్ర నిజం. అంకె లేదు. కందిరీగ ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. దాని మీద గ్లాసు పెట్టింది, అంతే. ఆ ఖాళీని చూసి నేను వణికిపోయాను. ఎనిమిది దాటితే డాక్టరు అదే రోజు వెళ్లాలని లెక్కలమ్మ చెప్పిన మాట చెవిలో ఉంది. నా పెన్ను, నా సిరా, నా అంకె. డబ్బాలో వేసిందీ నేనే, గందరగోళమేమీ లేదు. అడిగితే నిజం చెప్పేద్దామనే వేశాను. అడిగారు. గొడుగు అన్నాను. నోటుబుక్కులో కూడా కందిరీగే రాసినట్టు రాసుకున్నాను, రాస్తే నేనూ నమ్ముతానని. శనివారం డాక్టరుగారికి "అంతా" చెప్పానని రాశాను. ఇది చెప్పలేదు. రేపు ఆయనకీ, లెక్కలమ్మకీ చెప్తాను. ఉద్యోగం సంగతి తర్వాత.

"సారీ," అన్నాను దానితో. జీవితంలో మొదటిసారి. "ఎక్కువ రాశానా?"

"తక్కువ రాశావు," అంది. "నేనైతే పది. ఆయనకి అదే చెప్పాను, నువ్వు బయట కూర్చున్నప్పుడు. నిన్న మొన్నటిదాకా పది అని."

రోడ్డు మీద నిలబడిపోయాను. అది నా మోచెయ్యి పట్టుకుని లాగింది, "పద, అమ్మ చూస్తోంది" అని.

పది రాద్దామనే ఆ రోజు పెన్ను పెట్టాను. ఒకటి వేశాను కూడా. పక్కన సున్నా చుట్టడానికి చెయ్యి రాలేదు. ఆ ఒకటిని కొట్టేయకుండా, దాని నెత్తిన పొట్ట చుట్టి తొమ్మిది చేశాను. మిగిలిన ఆ ఒక్క ఏడాదిని దాన్ని అడగకుండా నేనే ఉంచేశాను.